వరిగడ్డిని గోబర్ గ్యాస్‌లో అలా వేయకండి

మా పెరట్లో ఉన్నది రోజుకి 2 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే దీనబంధు మోడల్ గోబర్ గ్యాస్ ప్లాంటు, పైన ఇనుప డ్రమ్ము ఉండదు, డోమ్ మొత్తం ఇటుకలతో భూమిలోనే కడతారు. దీనికి రోజుకి 50 కిలోల పచ్చిపేడ, అన్నే నీళ్లు కావాలి. కిలో పేడకి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది, సక్రమంగా నడిస్తే సుమారు పదిహేడు రోజుల్లో ఒక వంటగ్యాస్ బండ ఇచ్చేంత మంట ఇస్తుంది. మా అమ్మ రోజూ పొద్దున్నే పేడని చేత్తో పిసికి, గడ్డిపరకలూ గులకరాళ్లూ ఏరి పారేశాకే పేడ కలిపే తొట్టి రంధ్రానికి పెట్టిన గుడ్డముక్క తీస్తుంది. అంత చాదస్తం ఎందుకమ్మా అనేవాణ్ణి.

పోయిన సార్వా కోతలయ్యాక రెండు గేదెల్ని అమ్మేశాం. పేడ చాలట్లేదు, చేలో చూస్తే కోత మిషన్ వదిలేసిన గడ్డి బోలెడంత, పక్క చేలవాళ్లు అగ్గిపుల్ల గీసేస్తున్నారు. నాకు ప్రాణం ఒప్పక మూడు తట్టల గడ్డి తెచ్చి ముక్కలు కొట్టి పేడలో కలిపేశాను. వారం తిరిగేసరికి పాలు పొంగడానికే అరగంట. గడ్డి తేలిక కదా, పైకి తేలి చాపలా అట్ట కట్టేసింది. స్లర్రీ, అంటే గ్యాస్ ఇచ్చేసిన పేడనీళ్లు, బయటికొచ్చే వైపు నుంచి వెదురుగడతో రెండు రోజులు కుళ్లగిస్తే గానీ కదల్లేదు. ఒక్క మాట, అలాంటప్పుడు ఎంత అవసరమైనా మనిషి లోపలికి దిగకూడదు, అందులో ఊపిరాడదు, ప్రాణాలు పోతాయి.

తప్పు గడ్డిది కాదు, దాన్ని అలాగే వేసేసిన నాది. పేడలో నత్రజని ఒక పాలుంటే కర్బనం పాతిక పాళ్లు, గ్యాస్ చేసే సూక్ష్మజీవులకి అది సరిపోతుంది. వరిగడ్డిలో అదే ఒక పాలు నత్రజనికి కర్బనం డెబ్బై పాళ్లు దాటుతుంది, పైగా గట్టి పీచు, అది అరిగేలోపే మన ప్లాంటు నిండిపోతుంది. పంజాబ్‌లో సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో 2022లో మొదలైన ప్లాంటుని వరిగడ్డితోనే రోజుకి 33 టన్నుల గ్యాస్ తీసే సామర్థ్యంతో కట్టారు, కానీ అక్కడ లోపల కలియదిప్పే యంత్రాలున్నాయి. మన డెల్టాలో కాలిపోతున్న గడ్డి చూసినప్పుడల్లా అలాంటిది ఇక్కడ కూడా ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది.

ఇంట్లో మాత్రం ఇప్పుడు ఇలా చేస్తున్నాను: గడ్డిని బొటనవేలంత ముక్కలు కొట్టి, స్లర్రీ, గేదెల మూత్రం చల్లి, కుప్పేసి పట్టా కప్పుతున్నా. పది రోజులకి మెత్తబడి గోధుమరంగుకి తిరిగాక పేడలో పదో వంతు మించకుండా కలుపుతున్నా, మిగతాది ఎరువు గుంటలోకే. నిన్న కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను, కాలుతోంది. ఇంకో నాలుగు రోజులు ఆగాలి.