ముళ్ళ మధ్య పచ్చగా

శుక్రవారం, రాత్రి

పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చింది. ఇల్లంతా నిద్రలో ఉంది. లూకా 10లో మార్త, మరియల భాగం చదవాలని ఫోన్‌లో బైబిల్ తెరిచాను. యేసు ఇంటికి వచ్చినప్పుడు మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంటే, అక్క మార్త పనుల్లో పడిపోయిన సంగతి అది. "మార్త విస్తారమైన పని పెట్టుకొనుటచేత తొందరపడి" అన్న దగ్గర ఉండగా పైనుంచి ఒక మెసేజ్ దిగింది. బంధువుల గ్రూపులో ఎవరివో పెళ్ళి ఫొటోలు. ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఫొటోల తర్వాత ఒక వీడియో, దాని తర్వాత ఇంకొకటి. మళ్ళీ మార్త దగ్గరికి వచ్చేసరికి ఆరుంపావు. రెండు నిమిషాల్లో ప్రార్థన ముగించి వంటింట్లోకి పరుగెత్తాను.

వాటిలో చెడ్డదేమీ లేదు. చెడ్డదైతే చూడగానే పక్కన పెట్టేదాన్ని.

దారంతా ఆ "తొందర" అన్న మాటే మనసులో మెదిలింది. మనం ఇప్పుడు త్వరపడటాన్ని తొందర అంటున్నాం గానీ, పాత తెలుగులో దానికి కలత, ఇబ్బంది అన్న అర్థాలూ ఉన్నాయి. అక్కడ గ్రీకులో ఉన్న మాటకైతే అటూ ఇటూ లాగబడటం అని అర్థం. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో (1 కొరింథీ 7:35) సరిగ్గా దీనికి ఎదురుమాట వాడాడు. మన బైబిల్లో అది "తొందర యేమియు లేక" ప్రభువు సన్నిధిలో ఉండటం. మార్త దగ్గరా ఆ మాటే, ఇక్కడా ఆ మాటే. ఇన్నేళ్ళుగా చదువుతున్నా ఆ రెండిటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికితే మార్కు 4 తీశాను. యేసు చెప్పిన విత్తువాని ఉపమానం. అందులో విత్తనం అంటే దేవుని వాక్యం. త్రోవ పక్కన పడిన విత్తనాలను పక్షులు మింగేశాయి. రాతినేల మీద మొలిచినవి ఎండకు మాడిపోయాయి. ముళ్ళలో పడినదాని గురించి మాత్రం మార్కు చచ్చిపోయిందని రాయలేదు, ఫలించలేదని రాశాడు. అంటే అది పచ్చగానే ఉండి ఉండొచ్చు. దూరం నుంచి చూసినవాళ్ళకు బాగానే ఎదుగుతోందనిపించి ఉండొచ్చు. ఆదివారం మానను, పాటల బృందంలో ఉన్నాను, ఉపవాస ప్రార్థనలకు వెళ్తాను. నా ఆకులు పచ్చగానే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా గుచ్చుకుంది. లోకం అనగానే నాకు చిన్నప్పటి నుంచీ సినిమాలు, షోకులు, ఆడంబరాలే గుర్తొస్తాయి. మందిరంలో విన్నదీ ఎక్కువగా అదే. యేసు ప్రభువు మాత్రం ముళ్ళ గురించి చెబుతూ అన్నిటికన్నా ముందు "ఐహిక విచారములు" అన్నాడు. ధనమోసం ఆ తర్వాతే, మిగతా అపేక్షలు ఇంకా తర్వాత. ఇంటి అప్పు, అబ్బాయి చదువు, ఆఫీసులో ఎవరిని ఉంచుతారో ఎవరిని తీసేస్తారో అన్న దిగులు... వీటిని నేను బాధ్యతలు అనుకుంటూ వచ్చాను. బాధ్యతలే, కాదనను. కానీ మోకరించిన ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు అప్పు లెక్కలు వేసుకుంటుంటే దాన్ని ప్రార్థన అని ఎలా అనగలను?

సాయంత్రం ఏడింటికి సంఘంలోని ఒక పెద్ద ఆంటీ ఫోన్ చేశారు. మూడు వారాలుగా ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదు. విషయం తెలిసిన రోజే "ప్రార్థిస్తున్నాను ఆంటీ" అని మెసేజ్ పెట్టాను, చేతులు జోడించిన బొమ్మతో సహా.

"వందనాలమ్మా. రేపే స్కాన్. నువ్వు ప్రార్థన చేస్తున్నావుగా, ఆ ధైర్యంతోనే ఉన్నాను" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఆవిడ పేరు దేవుని ముందు ఎత్తలేదు. మర్చిపోయానని కూడా అనలేను, చాలాసార్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ప్రతిసారీ చేతిలో ఇంకేదో ఉంది. ప్రజల కోసం ప్రార్థన చేయడం మానితే అది యెహోవాకు విరోధంగా పాపం అన్నాడు సమూయేలు ప్రవక్త. ఆ వచనాన్ని నేను పిల్లలకు కంఠస్థం చేయించాను కూడా.

"సరే ఆంటీ" అని ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టేయలేకపోయాను.

"లేదాంటీ, చేయలేదు. చేస్తానని చెప్పి ఒక్కరోజు కూడా చేయలేదు. క్షమించండి" అన్నాను.

కాసేపు అటు నుంచి ఏమీ వినిపించలేదు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను.

"కూర్చున్నావా నిలబడ్డావా? కూర్చో. ఇప్పుడు చేద్దాం" అన్నారు.

నేల మీదే కూర్చున్నాను. ముందు నేను చేశాను. మాటలు సరిగ్గా రాలేదు, ఏడుపే ఎక్కువ. తర్వాత ఆవిడ చేశారు. తన స్కాన్ గురించి ఒక్క వాక్యం, మిగతాదంతా నా కోసం, మా అబ్బాయి కోసం, నేనెప్పుడో ఒకసారి చెప్పి నేనే మర్చిపోయిన మా ఇంటి అప్పు కోసం. నా చెవి దగ్గర ఫోన్ మూడుసార్లు వణికింది. తీసి చూడలేదు.

ఇప్పుడు ఫోన్ హాల్లో ఉంది, రాత్రంతా అక్కడే ఉంటుంది. పొద్దున లేవడానికి పాత అలారం గడియారం వెతికి పెట్టాను. బాప్తిస్మం రోజున ఇచ్చిన బైబిల్ బీరువా పైనుంచి దించాను. చదివిన చోటల్లా అంచున పెన్సిల్‌తో తేదీ వేసుకునే అలవాటు నాకు. అన్నిటికన్నా చివరి తేదీ రెండేళ్ళ కిందటిది.

మార్కు 4 పక్కన ఇవాళ్టి తేదీ వేశాను. దాని కింద ఆంటీ పేరు రాశాను. స్కాన్ రేపు పదకొండింటికి.