డెరెక్ వేళ్లు

బ్రిటిష్ పియానిస్ట్ డెరెక్ పారవిచీని వాయించగా విన్నప్పుడల్లా అందరూ ఆయన జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం ఆ వేళ్ల మీదే ఉంటుంది. ఆయన 1979లో 25 వారాలకే పుట్టారు. ప్రాణం నిలిపిన ఆక్సిజన్ వల్లే చూపు పోయింది. ఆటిజం ఉంది. చెవి మాత్రం మహాద్భుతం: పది స్వరాలు ఒకేసారి మోగించినా దేనికది విడదీసి వాయించేస్తారు.

ఎవరూ నేర్పకుండానే చిన్నప్పుడు తనంతట తానే వాయించేవాడని అంటారు, అది నిజం. కానీ ఎలా? చేతి అంచుతో, వేళ్లు అందనిచోట మోచేత్తో! సంగీతం మాస్టారు ఆడమ్ ఆకెల్‌ఫర్డ్ నేర్పబోతే, డెరెక్ మొదట ఆయన్ని పియానో దగ్గరికే రానివ్వకుండా తోసేశాడు. చూపించి నేర్పే వీల్లేదు, వివరిస్తే అర్థం కాదు. అందుకే ఆడమ్ అతని వేళ్లు పట్టి పియానో మెట్ల (కీల) మీద పెట్టి ఏళ్ల తరబడి సాధన చేయించారు. ఆ తర్వాతే అడిగిన శ్రుతిలో, అడిగిన శైలిలో పాటను అప్పటికప్పుడు కొత్తగా అల్లడం కుదిరింది. నా దృష్టిలో సృజన అంటే అదీ.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఇలాంటి ప్రతిభ ఉండదు, దానికోసం వాళ్లను వేధించొద్దు. సంగీతం మీద ఇష్టం కనిపిస్తే బొమ్మ కీబోర్డు వద్దు, దాని మెట్లు మరీ ఇరుకు. మామూలు సైజు మెట్లు 61 ఉన్నది కొనండి. పిల్లాడు అల్లరి చేశాడని కీబోర్డు దాచేయకండి, చుట్టాల ముందు వాయించమని నిలబెట్టకండి. మీరు నాలుగు స్వరాలు వాయించి ఆగండి. బదులొస్తే, దాన్నే కాస్త మార్చి తిరిగి వాయించండి.