కళ్ళకు కట్టు, చేతిలో టేప్ రికార్డర్

జాన్ విండమ్ 1951 నాటి నవల ‘ద డే ఆఫ్ ద ట్రిఫిడ్స్’ని బిబిసి 1981లో ఆరు భాగాల సీరియల్‌గా తీసింది. ఒక్కోటీ అరగంట లోపే. నవలలో 17 అధ్యాయాలు, అంటే భాగానికి మూడు చొప్పున సరిపోవాలి. చిక్కల్లా రెండో అధ్యాయంతోనే.

మొదటి అధ్యాయంలో బిల్ మేసన్ కళ్ళకు కట్టుతో ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. బుధవారమని తెలుసు, బయట మాత్రం ఆదివారంలా సద్దు లేదు. మనం ఊపిరి బిగబట్టగానే రెండో అధ్యాయం వెనక్కెళ్ళి, ట్రిఫిడ్లనే ఆ నడిచే విషపు మొక్కలు ఎక్కణ్ణుంచొచ్చాయో, నూనె కోసం వాటిని ఎలా పెంచారో తీరిగ్గా చెబుతుంది. పుస్తకంలో హాయిగా సాగుతుంది. తెర మీద అదే వరసలో పెడితే కథ చతికిలపడుతుంది. స్క్రిప్ట్ రాసిన డగ్లస్ లివింగ్‌స్టన్ మేసన్‌కి టేప్ రికార్డర్ ఇచ్చాడు. కట్టు విప్పేదాకా పొద్దుపోని మనిషి తనకు తెలిసిందంతా అందులోకి చెబుతాడు. నవలలో లేని ఆ ఒక్క వస్తువే అధ్యాయం మొత్తాన్ని నిలబెట్టింది. 2000 నాటి ‘డ్యూన్’ మినీ సిరీస్, నవలలో పెద్దగా కనిపించని ఇరులాన్ రాకుమారి పాత్రని పెంచడం కూడా నాకు ఇలాంటి మంచి మార్పే అనిపిస్తుంది.

ఆ తొలి సీను బలం తెలియాలంటే మన విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వార్డుని ఊహించుకోండి. కళ్ళు మూసుకున్నా జగదాంబ జంక్షన్ వైపు ఆటోల హారన్లు, హార్బర్‌లో ఓడ కూత, వరండాలో స్ట్రెచర్ చక్రాల కీచు. వీటిని బట్టే టైమెంతో తెలిసిపోతుంది. అవన్నీ ఆగి కెరటాల హోరొక్కటే మిగిలితే? అక్కడ సంగీతం పోశారంటే భయం చచ్చిపోతుంది. ముందు సౌండ్ కట్ చేసుకుని, బొమ్మని దానికి సర్దుకోవాలి.

సీరియల్‌లో ట్రిఫిడ్ లోపల మనిషి ముడుచుకుని కూర్చునేవాడు. బోదె లేటెక్సు, మెడ ఫైబర్‌గ్లాసు. ఉక్కపోతకి మెడలో ఫ్యాను. టకటకలాడే కాడలకి రేడియో కంట్రోలు. ఇలాంటి బొమ్మని పట్టపగలు, ఎక్కువసేపు చూపిస్తే గుట్టు బయటపడుతుంది. చప్పుడు ముందు వినిపించి, మొక్కని తర్వాత చూపించాలి.

ఇదే నవల మీద 1962లో వచ్చిన సినిమాలో సముద్రపు నీళ్ళు తగలగానే ట్రిఫిడ్లు కరిగిపోతాయి. బీచ్ రోడ్డు వాళ్ళకి ముచ్చటైన ఉపాయమే, కానీ నవల ప్రాణం అక్కడే పోయింది. విండమ్ కథలో సముద్రం కందకం లాంటిది. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోకి మొక్కల్ని కొత్తగా రానివ్వదంతే, వాటిని చంపదు. 1981 సీరియల్ ఆ సినిమా ముగింపు జోలికి పోలేదు. గట్టు మీద ట్రిఫిడ్లు అలాగే ఉంటాయి, మేసన్ తనవాళ్ళతో ఆ ద్వీపానికి బయల్దేరతాడు.