రిపోర్టు నార్మల్, గడ్డం మాత్రం కాదు

పదహారేళ్లప్పుడు నుదుటి మీద రెండు మొటిమలొచ్చి పోయాయి, అంతే. అసలు బాధ 31 ఏళ్లకు మొదలైంది. గడ్డం కింద, దవడ అంచున, లోపల్నుంచి సలిపే గట్టి గడ్డలు. నెలసరికి వారం ముందు ఠంచనుగా దిగేవి. ఫోన్ చెంపకు ఆనించాలంటేనే భయం. యాంటీబయాటిక్స్ రెండు విడతలు వాడాను. వాడినన్నాళ్లూ తగ్గేవి, ఆపగానే మళ్లీ మొదలు.

హార్మోన్ పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్. ఆ కాగితం చూసి ఏడుపొచ్చింది. ఏదో ఒక తేడా బయటపడితే బాగుండని కోరుకునే స్థితికి వచ్చేశాను మరి! డాక్టరమ్మ తేలిగ్గానే తీసుకుంది. మొటిమలున్న చాలామంది ఆడవాళ్లకి రక్తంలో ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, మామూలుగానే ఉంటాయట. చర్మంలోని నూనె గ్రంథులే వాటికి అతిగా స్పందిస్తాయట.

గర్భనిరోధక మాత్రలు కొందరికి బాగా పనిచేస్తాయి. నాకు కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంది, ఆ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్ వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కాబట్టి అది కుదరలేదు. మిగిలింది స్పైరనోలాక్టోన్ అనే మాత్ర. పెట్టెలో కాగితం చదివితే బీపీ, గుండె, ఒంట్లో నీరు... మొటిమల మాటే లేదు! పొరపాటున వేరేవాళ్ల మందు ఇచ్చారేమోనని ఫోన్ చేసి మరీ అడిగాను. ఆ ఆండ్రోజెన్లను గ్రంథుల దగ్గర అడ్డుకోవడం కూడా దీని పనేనట.

50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాలకు 100 చేశారు. బాత్రూమ్‌కి తిరగడం ఎక్కువైంది, గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి, రెండు నెలలు నెలసరి గాడి తప్పింది. మొటిమలు మాత్రం కదల్లేదు. ఏడో వారంలో మానేద్దామనుకున్నా. అప్పుడు డాక్టరమ్మ 2023లో బ్రిటన్‌లో 410 మంది ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనం గురించి చెప్పింది. 24 వారాలకు తగ్గాయన్నవాళ్లు ఈ మందు వాడినవాళ్లలో 82 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 63 శాతం. 12 వారాలప్పుడు తేడా ఇంకా తక్కువేనట. ఉత్తుత్తి మాత్రకే 63 ఏంటో అని నవ్వొచ్చింది గానీ, సరే, ఆగాను.

నాలుగో నెలలో ఒక నెలసరి గడ్డ లేకుండా గడిచింది. మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. కడుపులో మగపిల్లాడుంటే ఈ మందు ఆ బిడ్డ ఎదుగుదలకు అడ్డుపడొచ్చు కాబట్టి ముందే ఆపాలి. ఆపితే మళ్లీ వస్తాయా అంటే, "రావొచ్చు" అంది డాక్టరమ్మ. మొటిమలకు రాసే అజెలాయిక్ యాసిడ్ క్రీము గర్భంతో ఉన్నప్పుడూ రాసుకోవచ్చని చీటీ రాసిచ్చింది. ఈ నెల మాత్రలు ఇంకా పదకొండు ఉన్నాయి.