మాండలిన్‌కి తీగలు దొరకబుచ్చుకున్నా (నా అనుభవం)

మొత్తానికి ఇవ్వాళ ఎనిమిది తీగలూ ఎక్కాయి, శృతిలో నిలబడుతున్నాయి కూడా. కోపం చల్లారేలోపే రాసేస్తున్నా, రేపైతే ఇంత వివరంగా రాసే ఓపిక ఉండదు.

మాండలిన్ సంపాదించడం, పిక్ కొనుక్కోవడం, ఫోన్లో ట్యూనర్ పెట్టుకోవడం, ఇవన్నీ ఎలాగో అయిపోతాయి. వాటి గురించి రాయడానికేం లేదు. నా దానికి పాత తీగలు తుప్పు పట్టి, వాయిస్తే వేళ్ళకి నల్లగా అంటుకుంటున్నాయి, పైగా సన్న జతలో ఒకటి తెగిపోయి ఉంది. ఒక సెట్ తెచ్చి వేసేద్దాం, దాందేముంది అనుకుని మొదలెట్టా.

ముందు గేజ్ సంగతి, అంటే తీగ లావు. ఎనిమిది తీగలున్నా నిజానికి నాలుగు జతలే, లావు నుంచి సన్నకి జి, డి, ఎ, ఇ. వయొలిన్ శృతే ఇక్కడా. సెట్ల మీద రాసుండే అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి. మామూలుగా దొరికే లైట్ సెట్ అంటే సన్నదాంతో మొదలెట్టి 10-14-24-38, మీడియం అంటే 11-15-26-40. అంటే మీడియంలో సన్న తీగ 0.011 అంగుళం, మిల్లీమీటర్లలో 0.28. పదికీ పదకొండుకీ తేడా ఏముందిలే అనిపిస్తుంది కదా, కానీ మాండలిన్ మీద తీగ సాగే పొడవు సుమారు 13.9 అంగుళాలు, దాని మీద ఇ తీగని శృతికి బిగిస్తే 10 గేజ్ దాదాపు 19 పౌండ్ల బలంతో లాగుతుంది, 11 గేజ్ 23 పౌండ్ల దాకా పోతుంది. మీడియం సెట్ ఎనిమిదీ కలిపితే ఎనభై కిలోల దగ్గర. అందుకే వెనక గుండ్రంగా బొజ్జలా ఉండే పాత మాండలిన్లకి మీడియం వెయ్యొద్దు, పైచెక్క కుంగిపోతుంది. వాటికి లైట్ కూడా ఎక్కువే, అల్ట్రా లైట్ అని 9తో మొదలయ్యేవి ఉంటాయి, అవే వెయ్యాలి. నాది వెనక చదునుగా ఉండేదే గానీ పాతది, అందుకే లైట్ అని తేల్చుకున్నా. కాలిపర్‌తో పాత తీగలు కొలిచి చూస్తే అవీ దగ్గరదగ్గరగా లైటే.

రెండోది తీగ చివర. టెయిల్‌పీస్ (అడుగు చివర తీగలు తగిలించే లోహపు ముక్క) మీద మూత జరిపి చూడండి. నా దాంట్లో చిన్న చిన్న కొక్కేలు వరసగా ఉన్నాయి. అంటే తీగ చివర ముడేసిన రింగు ఉండాలి, దాన్ని లూప్ ఎండ్ అంటారు. గిటార్ తీగలకి ఉండేది బాల్ ఎండ్, చివర ఇత్తడి గుండు. కొన్ని మాండలిన్లకి బాల్ ఎండ్ కూడా పడుతుంది, నా దానికి పట్టదు. ఇంతవరకు హోంవర్క్ పక్కాగా చేశా, చెప్పుకోవాలి మరి.

ఇంక షాపు.

"మాండలిన్ సెట్, లైట్ గేజ్, లూప్ ఎండ్ ఇవ్వండి" అన్నా. షాపాయన ఫోన్లోంచి తలెత్తకుండానే "లూప్ ఎండేంటి సార్, ఇంటర్నెట్‌లో నాలుగు ముక్కలు చదివి వచ్చేస్తారు. మాండలిన్ సెట్టంటే మాండలిన్ సెట్టే" అని ఒక ప్యాకెట్ విసిరాడు. దాని మీద మాండలిన్ అని ఉంది, గేజ్ అంకెల్లేవు, చివర ఏముందో కనపడదు. తెరిచి చూస్తానంటే "తెరిస్తే కొన్నట్టే" అన్నాడు. కొన్నా. ఇంటికెళ్ళి విప్పితే ఎనిమిదింటికీ గుండ్లే.

తిరిగి తీసుకెళ్తే "మీకు ఎక్కించడం రాదు, మాండలిన్ పట్రండి, నేను చూపిస్తా" అన్నాడు. సరే చూద్దామని పట్టుకెళ్ళా. ఆ టైంలో గిటార్ క్లాసుకొచ్చిన పిల్లలు అరడజను మంది అక్కడే కూర్చునున్నారు. అందులో ఒకడు "అంకుల్, ఇది చిన్న గిటారా?" అనడిగాడు, మిగతావాళ్ళు ఒకటే నవ్వు. పిల్లలు కదా, వదిలెయ్యండి. కానీ ఈయన కూడా నవ్వుతూ "దాని తమ్ముడు" అని, నేను వద్దనేలోపే కట్టర్ తీసుకుని ఉన్న తీగలన్నీ ఒక్కసారి కత్తిరించేశాడు. బ్రిడ్జ్, అంటే పైచెక్క మీద తీగల్ని ఎత్తి పట్టే చెక్కముక్క, టక్కుమని ఊడి కౌంటర్ మీద పడింది.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం. మాండలిన్ బ్రిడ్జ్‌ని అతికించరు. తీగల ఒత్తిడికే చెక్క మీద నిలబడి ఉంటుంది, తీగలన్నీ తీసేస్తే కదిలిపోతుంది, పడిపోతుంది, అది సహజం. మాండలిన్లు అమ్మే మనిషికి ఇది తెలిసుండాలా వద్దా? ఆయన మాత్రం పిల్లలందరికీ వినపడేలా "చూశారా, జిగురు ఊడిపోయింది, మీ ఇన్‌స్ట్రుమెంట్‌లోనే ఫాల్ట్" అని డ్రాయర్లోంచి జిగురు ట్యూబ్ తీశాడు. బ్రిడ్జ్ అడుగున పూయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపా. నిజంగానే మణికట్టు పట్టుకున్నా. "అది అతికించేది కాదండీ" అంటే "ఇరవై ఏళ్ళుగా షాపు నడుపుతున్నా, నాకు చెప్తారా" అని గొంతు లేపాడు. తర్వాత గుండున్న తీగని కొక్కెం కింద స్క్రూడ్రైవర్‌తో దూర్చబోయాడు, అది జారి పైచెక్క మీద వేలంత గీత. ఆ గీత ఇప్పటికీ ఉంది, దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే తెల్లగా కనిపిస్తుంది.

చివరికి ఆయన తేల్చిందేంటంటే, ఒకటి నా మాండలిన్ నాసిరకం, రెండు గిటార్ సెట్ వేసుకోవచ్చు, మూడు లావు తీగ వేస్తే ఇ తెగదు. గిటార్ సెట్‌లో ఒక్కో సైజు ఒక్కటే ఉంటుంది, మాండలిన్‌కి జతలు కావాలి, రెండు సెట్లు కొని మిగిలినవి పారెయ్యాలి, పైగా మళ్ళీ గుండ్లే. ఇంక లావు సంగతి, చుట్ట లేని (పైన ఇంకో సన్న తీగ చుట్టని) స్టీలు తీగ ఒకే పొడవులో ఒకే శృతికి బిగిస్తే లావుదైనా సన్నదైనా దాని లోపల పడే ఒత్తిడి ఒకటే. లావుదానికి బలం ఎక్కువ, దాన్ని లాగే బలమూ అంతే ఎక్కువ. కాబట్టి లావెక్కించి లాభం లేదు, చెక్క మీద బరువు తప్ప. ఇది ఆయనకి చెప్పా. పిల్లల్లో కొంచెం పెద్దవాడు ఒకడు తలూపాడు, అదే నాకు మిగిలింది. ప్యాకెట్ తెరిచారు కాబట్టి డబ్బులివ్వనన్నాడు, నేనూ అడుక్కోలేదు.

అందుకే చెప్తున్నా, షాపుల్లో ఎవరికీ మీ వాయిద్యం చేతికివ్వకండి. అందరూ ఇలాగే ఉంటారని కాదు, ఉంటే మాత్రం గీత పడేది మీ చెక్క మీదే.

తర్వాత ఆన్‌లైన్‌లో వెతికా. మొదట వచ్చింది మాండోలా (మాండలిన్ కంటే పెద్ద వాయిద్యం) సెట్, అది సి, జి, డి, ఎ శృతికి, పొడవూ లావూ ఎక్కువ. ఫొటో మాండలిన్‌ది, సరుకు మాండోలాది. దాన్ని మాత్రం మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నారు. ఈసారి నాలుగు అంకెలూ, లూప్ ఎండ్ అన్న మాటా స్పష్టంగా రాసున్నదే చూసి పెట్టా. డడారియో కంపెనీ వాళ్ళ ఈజే 73, లావు తీగలకి ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్ట, 10-14-24-38. మీడియం కావాలంటే వాళ్ళదే ఈజే 74. ఎలక్ట్రిక్ మాండలిన్ ఉన్నవాళ్ళు బ్రాంజ్ జోలికి పోకండి, తీగ కదలికని పట్టుకునే అయస్కాంతం పికప్‌కి బ్రాంజ్ చుట్ట సరిగా అందదు, నికెల్ చుట్టిన తీగలు తీసుకోండి. మాండలిన్ శ్రీనివాస్ గారు వాయించింది ఆ ఎలక్ట్రిక్ రకమే, జతలు కాకుండా ఐదు విడి తీగలు. ఆయన కచేరీలు చూసి మామూలు ఎనిమిది తీగల సెట్ ఆర్డర్ పెడితే ఉపయోగం లేదు.

ఎక్కించేటప్పుడు ఒకటి తీసి ఒకటి వెయ్యండి, బ్రిడ్జ్ కదలదు. నా దాంట్లో షాపాయన ధర్మమా అని ఏమీ మిగల్లేదు కాబట్టి అటూ ఇటూ ఉన్న జి, ఇ తీగలు ముందు వదులుగా వేసి, నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్లో పన్నెండోది) ఎంత దూరమో అక్కడ్నుంచి బ్రిడ్జ్‌కీ దాదాపు అంతే ఉండేలా నిలబెట్టా. తర్వాత 12వ ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటిన స్వరం, అక్కడే నొక్కి మీటిన స్వరం ఒకటయ్యేదాకా జరుపుతూ పోవాలి. నొక్కినది ఎక్కువ పలికితే బ్రిడ్జ్‌ని టెయిల్‌పీస్ వైపు, తక్కువ పలికితే నట్ వైపు. లావు తీగల వైపు కాస్త వెనక్కి ఉంటుంది, కంగారు పడకండి. అసలు చిరాకు లూప్‌తోనే. కొక్కేనికి తగిలించి పైన శృతి బిగించే మేకు తిప్పడం మొదలెట్టేసరికి కింద జారిపోతుంది, ముఖ్యంగా ఇ తీగ. తీగ బిగుసుకునేదాకా లూప్‌ని ఎడమ బొటనవేలితో కొక్కేనికి అదిమి పెట్టాలి, లేదా చిన్న స్పాంజి ముక్క కుక్కాలి. నేను స్పాంజే కుక్కా.

కొత్త తీగలు సాగుతాయి కాబట్టి మొదట్లో గంటగంటకీ శృతి దిగిపోతుంది, అది తీగల తప్పు కాదు. విడిగా లూప్ ఎండ్ ఇ తీగలు కూడా అమ్ముతారు, అవి రెండు అదనంగా పెట్టా, అందరికంటే ముందు తెగేది అదే. ఆ గుండ్ల సెట్ ఇంకా నా దగ్గరే ఉంది, మీ టెయిల్‌పీస్‌కి బాల్ ఎండ్ పట్టేటట్టయితే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తా.