720720ని విప్పాక నంబర్ సిస్టమ్ అంటే భయం పోయింది

మిత్రులారా, నిన్న సాయంత్రం రైల్వే ఉద్యోగాల ఎన్‌టీపీసీ పరీక్ష ఫలితాల్లో నా నంబర్ కనిపించింది. పీడీఎఫ్‌లో మూడుసార్లు చూసుకున్నాకే అమ్మకు ఫోన్ చేశాను. ఏమీ మాట్లాడలేక ఏడ్చేసింది. సిలబస్, పాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. పోయినసారి నాకు ఎక్కడ దెబ్బ తగిలిందో మాత్రం చెప్పాలి.

సీబీటీ-2లో, అంటే కంప్యూటర్ మీద రాసే రెండో దశ పరీక్షలో, కటాఫ్‌కు ఒకటిన్నర మార్కు తక్కువైంది. పెద్ద సంఖ్య ఒకటిచ్చి, దాని కారణాంకాల్లో, అంటే దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో, సరి సంఖ్యలెన్ని అని అడిగారు. 2తో, 3తో భాగించుకుంటూ రఫ్ పేపర్ నింపేశాను. నాలుగు నిమిషాలు పోయాయి, జవాబూ తప్పే. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు చేయాల్సిన పరీక్షలో నాలుగు నిమిషాలంటే ఐదు ప్రశ్నలు పోయినట్టే. పైగా తప్పు జవాబుకు మూడో వంతు మార్కు మైనస్.

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర మా రూమ్‌లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. ఓ పొద్దున ఉగ్గాని కట్టిచ్చిన పేపర్ అంచున 720720 అని రాశాడు. చివరి మూడంకెలు వేలితో మూసి "ఏమప్పా, ఇదెంత?" అన్నాడు. 720 అన్నాను. వేలు జరిపి మొదటి మూడు మూశాడు. మళ్లీ 720. "మరింక భాగహారం ఎందుకు? 720ని 1001తో గుణించిందే కదా!"

1001 అంటే 7×11×13. 720లో 2 నాలుగుసార్లు, 3 రెండుసార్లు, 5 ఒకసారి. అంతే, సంఖ్య విడిపోయింది. కారణాంకం తయారు చేయాలంటే 2ను అసలు తీసుకోకపోవడం నుంచి నాలుగుసార్లు తీసుకోవడం వరకు ఐదు దారులు. 3కు మూడు, మిగతా నాలుగింటికీ రెండేసి. 5×3×2×2×2×2 = 240. సరి సంఖ్య కావాలంటే 2 కనీసం ఒక్కటైనా ఉండాలి, కాబట్టి ఐదు బదులు నాలుగు: 192. వర్గ సంఖ్యలైన కారణాంకాలు ఆరే: 1, 4, 9, 16, 36, 144.

ఆ సంఖ్యను నెలరోజులు వదల్లేదు. 1 నుంచి 16 వరకు అన్నింటి క.సా.గు. అదేనని తేలిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. దానికంటే చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. ఇలాంటి సంఖ్యల మీదే మన రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారని తెలిశాక గౌరవం ఇంకా పెరిగింది.

రీజనింగ్, జీకే అందరిలాగే చదివాను. రోజూ ఒక మాక్ టెస్ట్, తప్పులకు వేరే నోట్‌బుక్. సూత్రం బట్టీ పట్టకండి, ఎందుకొచ్చిందో ఒక్కసారి మీ చేత్తో రాసి చూడండి. ఫోన్ పక్కన పెట్టలేనివాళ్లకు ఏ కోచింగూ పని చేయదు, ఇది గట్టిగానే చెప్తున్నా.

చిన్నాన్న కూతురి పెళ్లికి పోలేదని ఊర్లో ఇప్పటికీ అంటున్నారు. పరీక్షకు పది రోజులే ఉంది, ఏం చేయమంటారు? ఆ చెల్లి మాత్రం ఒక్క మాట అనలేదు. రేపు ధర్మవరంలో దిగి, తనకో చీర కొనుక్కొని వాళ్లింటికి పోతున్నాను.