వరేన్ స్టేషన్‌లో దిగిన తరువాత

పారిస్ మెట్రో 13వ లైనులో వరేన్ స్టేషన్‌లో దిగగానే, ప్లాట్‌ఫారం మీదే ఓగస్ట్ రోడిన్ శిల్పాలు రెండింటి నకళ్లు కనిపించాయి. ఒకటి లోకమంతా ఎరిగిన ‘ఆలోచనాపరుడు’. రెండోది రచయిత బాల్జాక్ విగ్రహం. నేను వచ్చింది ఆ రెండోదాని కోసమే.

రోడిన్ 1908లో అద్దెకు గదులు తీసుకున్న బిరాన్ భవనమే ఇప్పుడు మ్యూజియం. లోపల నన్ను మొదట ఆపినది, పూల టోపీ పెట్టుకున్న యువతి మట్టిబొమ్మ. ముచ్చటైన పనితనమే, కానీ అందులో రోడిన్ ఇంకా లేడు. ఆ రోజుల్లో అతడు కారియే-బెలూజ్ అనే శిల్పి దగ్గర కూలికి అలంకార శిల్పాలు చేసేవాడు. అవి యజమాని పేరుతోనే అమ్ముడయ్యేవి.

తోటలో ‘నరక ద్వారం’ ముందు చాలాసేపు నిలబడ్డాను. కట్టబోయే ఒక మ్యూజియానికి తలుపులు కావాలని 1880లో ప్రభుత్వం అప్పగించిన పని అది. ఆ మ్యూజియం అక్కడ కట్టనే లేదు. తలుపులు పెట్టవలసిన గుమ్మమే లేకుండా పోయినా, రోడిన్ 1917లో చనిపోయేదాకా ఆ పనిని పూర్తిగా వదలలేదు. ‘ఆలోచనాపరుడు’, ‘ముద్దు’ మొదట దీనికోసం పుట్టి, తరువాత విడి శిల్పాలయ్యాయి. ఆరు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ ద్వారాన్ని కంచులో చూసుకునే భాగ్యం మాత్రం అతడికి దక్కలేదు. మన పంచలోహ విగ్రహాల సంప్రదాయంలో మైనం కరిగిపోయి, మట్టిమూస పగిలి, విగ్రహం ఒక్కటే మిగులుతుంది. రోడిన్ మట్టితో చేసిన రూపం ప్లాస్టర్‌లో నిలిచి ఉండేది, పోత పని వేరే కార్ఖానాల వాళ్లు చేసేవారు. అందుకే అతడి కంచు శిల్పాలు శిల్పి పోయాక కూడా పుడుతూ వచ్చాయి.

అదే తోటలో బాల్జాక్ ఉన్నాడు. 1891లో రచయితల సంఘం ఈ విగ్రహాన్ని కోరినప్పుడు ఏడాదిన్నరలో ఇస్తానన్న రోడిన్‌కు ఏడేళ్లు పట్టింది. బాల్జాక్ పుట్టిన తూరేన్ ప్రాంతానికి వెళ్లి ఆ పోలికలున్న మనుషుల కోసం వెతికాడు, రచయిత కొలతలు తెలిసిన దర్జీ చేత బట్టలు కుట్టించాడు, నగ్నదేహంగా కూడా మలిచి చూశాడు. చివరికి అవన్నీ ఒక పొడవాటి అంగీ కిందికి పోయి, వెనక్కి వాలిన శరీరమూ, లోతైన కళ్లున్న ఆ తలా మిగిలాయి. 1898లో ప్రదర్శించినప్పుడు జనం నవ్వారు, సంఘం తిరస్కరించింది. రోడిన్ తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేశాడు. మిత్రులు చందాలు పోగుచేసి కొంటామన్నా ఒప్పుకోకుండా, మ్యుదోన్‌లోని తన ఇంటికి తీసుకుపోయి దగ్గరే ఉంచుకున్నాడు. నా దృష్టిలో ఆ విగ్రహం పూర్తిగా అతడి సొంతమైనది ఆ రోజునే. ఒకరి కోసం మొదలైన పని మీద ఇక ఎవరి హక్కూ మిగలలేదు.

మర్నాడు సాయంత్రం వావేన్ స్టేషన్‌లో దిగి, రాస్పాయ్ వీధి కూడలికి నడిచాను. 1939లో, రోడిన్ పోయిన ఇరవై రెండేళ్లకు, బాల్జాక్‌ను కంచులో అక్కడ నిలబెట్టారు. బస్సులు ఆగి కదులుతున్నాయి. కింద నుంచి చూస్తే అంగీ మడతలు అప్పటికే చీకట్లో కలిసిపోయాయి, తల మీద మాత్రం ఇంకా వెలుతురు ఉంది. అదీ పోయేదాకా అక్కడే నిలబడ్డాను.